వాయుపతి ఈల

గురువారం మధ్యాహ్నం ఆ కట్టుడు పళ్ళ ల్యాబులో పాలిషింగ్ మోటారు ఆగిపోతే కరెంటు పోయిందని ఎవరూ కంగారుపడరు. వాయుపతి వస్తున్నాడని అర్థం.

వాయుపతి అంటే ఎదురుగా వచ్చి నిలబడే మనిషి కాదు. 'ఆరో చంద్రుడు' అనే రేడియో నాటకంలో విలన్. ఎక్కడో అంతరిక్షంలో ఒక చంద్రుడి నేల కింద, సొరంగాల్లో జనం బతుకుతుంటారు. అక్కడ గాలి ఉండదు. ఉన్న కాస్తా వాయుపతి ట్యాంకుల్లో ఉంది. తలొంచుకుని బతికేవాడికి నిండుగా వదులుతాడు, ఎదురు మాట్లాడినవాడి ఇంటి గాలిగొట్టం మూసేస్తాడు. నాటకంలో ఒక హీరో కూడా ఉన్నాడు పాపం, వాడి పేరు ల్యాబులో ఒక్కరికీ గుర్తుండదు. అందరికీ వాయుపతే కావాలి. రేడియోలో మొహం కనబడదు కాబట్టి ఎవరికి నచ్చిన మొహం వాళ్ళు అతనికి తగిలించుకున్నారు. పాలిషింగ్ చేసే అక్కయితే తన అత్తగారి మొహమే పెట్టేసింది. అప్పట్నుంచీ నాటకం ఇంకా బాగుందంటుంది.

వాయుపతి ముక్కుకీ నోటికీ కలిపి ఒక తొడుగు ఉంటుంది. దానికి ఎక్కడో చిన్న కంత ఉంది. అందుకని అతను 'స' పలికినప్పుడల్లా సన్నగా ఈల వస్తుంది. ముందు ఆ ఈల, వెనకాల అతను. ఈల వినబడగానే సొరంగాల్లో జనం తలుపులు బిడాయించుకుంటారు. "సొరంగం మూసెయ్యండి" అని అతను నెమ్మదిగా అంటే చాలు, వినేవాళ్ళకి ఒళ్ళు జలదరిస్తుంది. వీధిలో పిల్లలు ఒకళ్ళనొకళ్ళు బెదిరించుకోవడానికి ఆ మాటే వాడుతున్నారు. తమకు ఆ ఈల రావడం లేదని, ముందుపళ్ళు ఊడిన చిన్నపిల్లల్ని చూసి అసూయపడుతున్నారు కూడాను.

అసలు సంగతి చెప్పాలంటే ఆ కంత తొడుగులో లేదు. వాయుపతికి గొంతు ఇచ్చే పెద్దాయన కట్టుడు పళ్ళలో ఉంది. ఆ పళ్ళు తయారైంది ఈ ల్యాబులోనే. చేసింది మైనమ్మ. ఆ పెద్దాయన ఆమెకు స్వయానా మామగారు.

మైనంలో పళ్ళు పేర్చడం ఆమె పని. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ గులాబీ రంగు మైనం ఉంటుంది కాబట్టి ఆ పేరు పడింది. దవడ అచ్చు మీద మైనం పరిచి, ఒక్కో పన్నూ దీపం సెగ చూపించి నిలబెట్టి, మనిషి మొహానికి తగినట్టు కూర్చడంలో ఆమెకు మంచి పేరుంది. ఆ పేరు సంగతి ఆమెకీ బాగా తెలుసు. అక్కడే వచ్చింది చిక్కంతా.

మామగారు ఒకప్పుడు రైల్వే స్టేషన్లో మైకు ముందు కూర్చుని రైళ్ళ రాకపోకలు చెప్పేవారు. ఆయన గొంతు వినగానే జనం సామాన్లు చేతికి తీసుకునేవాళ్ళు. తర్వాత ఆ పనికి యంత్రం వచ్చింది, ఆయన ఇంటికొచ్చారు. ఆ వెనకే పళ్ళు కూడా ఒకటొకటిగా సెలవు పుచ్చుకున్నాయి. మాటలో పట్టు తప్పింది. ఏదో అడగబోతారు, ఎదుటివాళ్ళు "ఆఁ?" అంటారు, ఆయన చెయ్యి ఊపేసి ఊరుకుంటారు. అలా ఊరుకుని ఊరుకుని, చివరికి మాట్లాడడమే మానేశారు. పొద్దస్తమానం కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవారు. కాఫీ ఇస్తే తలూపడం, అన్నానికి పిలిస్తే లేవడం, అంతే. బస్సు నడిపే కొడుకు డ్యూటీ దిగి వచ్చి "నాన్నా" అంటే చూసేవారు గానీ పలికేవారు కాదు. ఇంట్లో ఒక మనిషి ఉండి కూడా లేనట్టుండడం ఎంత బరువో మైనమ్మకు అప్పుడు తెలిసొచ్చింది. పళ్ళు కట్టించుకోమంటే వద్దని తలడ్డంగా ఊపేవారు. చివరికి ఆమె బతిమాలి, బెదిరించి, ఒకరోజు అన్నం మానేసి కూర్చుని, ఆయన్ని ఒప్పించింది.

ఆయన మనసు మారేలోగా పూర్తి చెయ్యాలని తొందరపడింది. ఆ తొందరలో పై వరుస ముందుపళ్ళ వెనక, అంగిలి దగ్గర, పలక కాస్త దళసరిగా దిగింది. నాలుకకు చోటు తగ్గింది, గాలి ఇరుకులోంచి పోవాల్సి వచ్చింది, 'స' అన్నప్పుడల్లా ఈల మోగింది. మైనమ్మకు తల కొట్టేసినట్టయింది. "ఒక్క పూట ఇవ్వండి మావయ్యా, సరిచేసేస్తాను," అంది. ఆయన ఇవ్వలేదు. మాట వచ్చింది కదా, ఇంకేం కావాలి ఆయనకి! ఆ వారంలోనే పాత స్నేహితుడొకాయన, రేడియో వాళ్ళు ముసలి గొంతుల కోసం వెతుకుతున్నారంటూ ఆయన్ని లాక్కుపోయాడు. ఇచ్చింది కాపలావాడి వేషం, ఉన్నది "సరే సార్" అన్న ఒక్క మాట. ఆ మాట అన్నారో లేదో, డైరెక్టరమ్మ కుర్చీలోంచి లేచి నిలబడిందట. "మీరు కాపలావారు కాదండీ, కాపలా పెట్టించుకునేవారు," అని వాయుపతిని ఆయన చేతిలో పెట్టిందట.

అప్పట్నుంచీ ఆయన మాట్లాడని పూట లేదు. బజారులో, మెట్ల మీద, పక్కింటి గుమ్మంలో, ఎక్కడ చూసినా ఆయనే. కొడుకు చెవులు మూసుకుంటే మైనమ్మ మురిసిపోయేది.

ఇంత చక్కగా సాగుతుంటే పళ్ళసెట్టు ఒకరోజు కడుగుతుండగా చేజారి, బీటవారింది. మైనమ్మ ల్యాబుకు తీసుకొచ్చి బీట అతికింది. అక్కడితో ఆగొచ్చు కదా! ఆగలేదు. తన చేతిలో తన తప్పు కనబడుతుంటే పనిమంతురాలికి చెయ్యి ఊరుకోదు. మోటారుకు చిన్న బర్రు ములికి తగిలించి ఆ దళసరి భాగాన్ని సుతారంగా అరగదీసి, నున్నగా పాలిష్ పెట్టించి, ఇంటికి తెచ్చి ఆయన నోట్లో పెట్టింది.

"ఏదీ, సన్నజాజి అనండి."

"సన్నజాజి," అన్నారాయన. ఈల లేదు, వెన్నలా జారింది మాట. ఇద్దరూ మొహమొహాలు చూసుకుని నవ్వుకున్నారు. మర్నాడు రికార్డింగు ఉందన్న సంగతి తెలుసు గానీ, ఆ ఈలకీ ఆ వేషానికీ ఉన్న లంకె ఇద్దరికీ తట్టలేదు. ఎలా తడుతుంది? ఆమె దాన్ని తప్పుగానే చూసింది. ఆయనేమో తన నటనే గొప్పదనుకున్నారు.

మర్నాడు సాయంత్రం మామగారు వాడిన మొహంతో వచ్చారు. డైరెక్టరమ్మ మొదటి మాటకే ఆపేసిందట. "సార్, ఈల ఏదీ?" అందట. ఆయన కావాలని నోటితో ఈల వెయ్యబోతే కుక్కరు కూతలా వచ్చిందట, గాజు అద్దం అవతల రికార్డింగు చేసే పిల్లలంతా నవ్వారట.

"ఏమన్నారు మావయ్యా మరి?"

"ఏమంటారు? ఆలోచించి చెప్తామన్నారు. మళ్ళీ రమ్మన్నారు. ఎందుకో ఏమో," అన్నారు. గొంతు బాగా తగ్గిపోయింది.

పోయింది వేషమే అయితే మైనమ్మ అంత బాధపడేది కాదు. ఆ వేషం వెనకాలే మాట పోతే? మళ్ళీ ఆ కిటికీ, ఆ కుర్చీ, ఆ తలూపడం వస్తే? వచ్చిన మనిషిని తన చేతులతోనే వెనక్కి తోసేసినట్టు ఆమెకు అన్నం సహించలేదు.

సరే, పోగొట్టింది తనే కాబట్టి తెచ్చేదీ తనేనని పూనుకుంది. చేసిన తప్పును మళ్ళీ అచ్చంగా అలాగే చెయ్యడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది ఆమెకి. అప్పటి దళసరి ఎంతో కొలిచి పెట్టుకుందా ఏమన్నా! తప్పుకి కొలతలెవరు రాసుకుంటారు? అంగిలి దగ్గర కాస్త మైనం అంటించి చూసింది. "థొరంగం మూథెయ్యండి," అన్నారు మామగారు. మైనం కాస్త ముందుకు జరిపింది. ఈల వచ్చింది గానీ 'స'లో కాదు, 'చ'లో వచ్చింది, చంద్రుడి పేరెత్తితే చాలు కూత. ఇంకోలా అంటించింది. ఈసారి మాటతో పని లేకుండా ఊపిరికే ఈల మోగింది. మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే, పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయనుకుని కొడుకు వంటింట్లోకి పరిగెత్తాడు.

ల్యాబులో అందరూ తలో చెయ్యీ వేశారు. యజమాని, అందరూ పెద్దసారు అనే ఆయన, అచ్చు తిప్పి తిప్పి చూసి పక్కన పెట్టేశారు.

"మైనమ్మా, బుద్ధి తెలిసినప్పట్నుంచీ ఈల పోగొట్టడమే కదమ్మా మనం నేర్చుకుంది. తెప్పించడం మనకెవడు నేర్పాడు?"

"నా చేతులు విరిగిపోను," అంది మైనమ్మ.

"ఛ ఊరుకో. అవి విరిగితే ల్యాబు మూసుకోవాలి నేను."

ఇక చేసేది లేక, మామగారు ఆ నున్నటి పళ్ళతోనే మళ్ళీ రికార్డింగుకు వెళ్ళారు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ కూడా ఒక్క మాట మాట్లాడలేదు. తిరిగి వచ్చాక ఇంకా విడ్డూరం. మైనమ్మ ఎదురెళ్ళి "ఏమైంది మావయ్యా?" అని అడిగితే, "గురువారం విను," అన్నారు. అంతే. నేరుగా లోపలికి వెళ్ళి పళ్ళు తీసి గ్లాసు నీళ్ళలో పడేశారు. కుర్చీ లాక్కుని కిటికీ దగ్గర కూర్చున్నారు.

ఆ రోజు నుంచీ నోరు తెరవలేదు. కాఫీ ఇస్తే తలూపారు. కొడుకు పలకరిస్తే చూసి ఊరుకున్నారు. పక్కింటివాళ్ళు వచ్చి "ఈ వారం ఏమవుతుందండీ నాటకంలో?" అని అడిగితే చెయ్యి ఊపేశారు. పాత రోజులు ఉన్నవి ఉన్నట్టుగా తిరిగొచ్చాయి. మైనమ్మ వంటింట్లో గిన్నెలు తోముతూ ఏడ్చింది. మొగుడు వచ్చి "నువ్వేం కావాలని చేశావా?" అని ఓదార్చాడు. కావాలనే చేసింది, అదే కదా ఆమె బాధ.

గురువారం రానే వచ్చింది.

ల్యాబులో ఆ మధ్యాహ్నం మోటారు ముందే ఆగిపోయింది. ప్లాస్టరు దవడలు వరసగా పేర్చిన అలమర మీద రేడియో ఉంటుంది. పెద్దసారు దాని గొంతు పెంచి, తన స్టూలు లాక్కుని కూర్చున్నారు. పాలిషింగ్ అక్క చేతిలో ఎవరిదో పూర్తయిన పళ్ళసెట్టు ఉంది, గుడ్డతో తుడుస్తూ చెవి అటు పెట్టింది. మైనమ్మ ఒక దవడ మీద మైనం పరుస్తున్నట్టు నటించింది. పరిచిన మైనమే మళ్ళీ పరుస్తోంది.

సంగీతం వచ్చింది. తర్వాత సొరంగంలో నీటి చుక్కలు పడుతున్న చప్పుడు. గొట్టాలు బాగుచేసే పిల్ల ఒకతె, ఇరుకు గదిలో దాక్కుని ఉంది. వాయుపతి ట్యాంకుల తాళం రహస్యం ఆ పిల్ల దగ్గరుంది. ఎవరో ముసలమ్మ ఆమెకి నీళ్ళు తెచ్చిచ్చి గుసగుసగా అంది, "వాయుపతి జాడ లేదే పిల్లా. మూడో సొరంగంలోనూ ఈల వినబడలేదట. పోయాడంటున్నారు."

మైనమ్మ చేతిలో మైనం ముద్ద బల్ల మీద పడింది.

"రాసేశారు," అంది నెమ్మదిగా. "మావయ్య వేషం తీసేశారక్కా. చంపేశారు."

"ఉండవే, పూర్తిగా విననీ," అంది అక్క. ఆమె గొంతులోనూ ధైర్యం లేదు.

నాటకం సాగుతోంది. వాయుపతి పోయాడని సొరంగాల్లో జనం తలుపులు తెరుస్తున్నారు, పాటలు పాడుకుంటున్నారు. మైనమ్మకు అవేవీ చెవికెక్కలేదు. కిటికీ దగ్గర కుర్చీ ఒక్కటే కళ్ళ ముందు ఉంది. ఇంటికెళ్ళి ఆయన మొహం ఎలా చూడాలో తెలియలేదు.

ఇంతలో రేడియోలో గొట్టాల పిల్ల గది తలుపు మీద ఎవరో మెల్లిగా తట్టారు.

"ఎవరు?" అంది పిల్ల.

"సాయం వచ్చానమ్మా," అన్నాడు ఎవరో. చల్లటి గొంతు. మనవరాలిని నిద్ర లేపే తాతగారి గొంతులా ఉంది.

"బయట ఈల ఏమైనా వినబడుతోందా తాతా?"

"లేదమ్మా. సొరంగమంతా నిశ్శబ్దంగా ఉంది. సందేహం దేనికి? తలుపు తియ్యి."

"ఎవరో మంచివాడిలా ఉన్నాడు," అంది పాలిషింగ్ అక్క తేలిగ్గా ఊపిరి పీల్చుకుని. పెద్దసారు కూడా తలూపారు.

మైనమ్మ మాత్రం బిగుసుకుపోయింది. ఈ గొంతు ఆమెకి తెలుసు. రోజూ కాఫీ అడిగే గొంతు ఇది. సన్నజాజి అన్న గొంతు. లోకమంతా ఇన్నాళ్ళూ ఆ ఈలనే గుర్తుపెట్టుకుంది గానీ గొంతును పట్టించుకోలేదు. ఈల లేకపోతే ఆ గొంతు ఎంత మెత్తగా ఉంటుందో ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికి తెలుసు?

"తియ్యకు," అంది మైనమ్మ పైకే. "తియ్యకే పిల్లా!"

రేడియోలో గడియ తీసిన చప్పుడు వినిపించింది. తలుపు కిర్రుమంది. నీటి చుక్క ఒకటి పడింది.

"సంతోషం," అన్నాడు వాయుపతి.

పాలిషింగ్ అక్క కెవ్వుమంది. చేతిలోని పళ్ళసెట్టు ఎగిరి ప్లాస్టరు బస్తాలో పడింది. పెద్దసారు స్టూలు మీంచి లేచి, ఎందుకు లేచారో తెలియక మళ్ళీ కూర్చున్నారు.

"నా ఈల విని దాక్కునేవాళ్ళు కదూ మీరంతా," వాయుపతి అదే చల్లటి గొంతుతో అంటున్నాడు. "ఆ కంత పూడిపోయింది. పూడ్చిన చెయ్యి సామాన్యమైంది కాదు. అలాంటి చెయ్యి ఈ చంద్రుడి మీద ఇంకొకటి లేదు. అడక్కుండానే నన్ను బాగుచేసింది. ఇకనుంచీ నేనెప్పుడొస్తానో, ఎవరి పక్కన కూర్చుంటానో, మీలో ఒక్కరికీ తెలియదు."

సంగీతం వచ్చేసింది. ఎవరూ రేడియో కట్టెయ్యలేదు.

"దుర్మార్గుడు!" అంది పాలిషింగ్ అక్క గుండె మీద చెయ్యి వేసుకుని. "ఈల ఉన్నప్పుడే నయం. వాడొస్తున్నాడని తెలిసేది. ఇప్పుడు నాకు రాత్రి నిద్రెలా పడుతుంది? ఏమే మైనమ్మా, ఎంత పని చేశావే!"

మైనమ్మ నవ్వుతోంది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటోంది, వేళ్ళకున్న మైనం చెంపలకి అంటుకుంటోంది. గుండెల మీంచి బండ దించినట్టయింది ఆమెకి. పెద్దసారు ఆమెను ఆ పూటకి ఇంటికి పొమ్మన్నారు. ప్లాస్టరు బస్తాలోంచి పళ్ళసెట్టు వెతికి తీసే పని అక్కకి అప్పజెప్పారు.

వీధి మలుపు తిరుగుతుండగానే మామగారి గొంతు వినబడింది. గేటు దగ్గర నిలబడి, పక్కింటివాళ్ళకీ, ఎదురింటివాళ్ళకీ, దారినపోతూ ఆగిన ఒక సైకిలు మనిషికీ కలిపి ఏదో చెప్తున్నారు. నోట్లో పళ్ళు తళతళలాడుతున్నాయి. మైనమ్మ ఆయన్ని చూసి ఆగిపోయింది. సంతోషం పట్టలేక కోపం వచ్చింది ఆమెకి.

"మావయ్యా, మీకిది న్యాయమా? పళ్ళు గ్లాసులో పడేసి ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటే నేనేమనుకోవాలి?"

"మరేం చెయ్యను? గురువారం దాకా ఒక్క మాట బయటికి పొక్కకూడదని డైరెక్టరమ్మ ఒట్టు పెట్టించుకుంది," అన్నారాయన. "నా సంగతి నీకు తెలీదా? నోట్లో పళ్ళుంటే ఆగుతానా నేను? 'ఈ వారం ఏమవుతుందండీ' అని పక్కింటివాళ్ళు అడిగినప్పుడు చెప్పెయ్యాలని ప్రాణం కొట్టుకుపోయింది. అందుకే తీసేసి కూర్చున్నాను. ఎంత కష్టపడ్డానో తెలుసా!"

"ఈల లేదని వేషం తీసేస్తారేమోనని..."

"తీసేద్దామనే పిలిచారు. మర్యాదగా చెప్పి పంపుదామని. సరే, వెళ్ళిపోతానమ్మా, సెలవు, అన్నాను. ఆ అద్దం అవతల పిల్ల ఒకతి, 'మేడమ్, ఇది వాయుపతేనా? ఈల లేకుండా వస్తే ఎవరు గుర్తుపడతారు? నాకు భయమేస్తోంది' అంది. అంతే, కథ మార్చేశారు." ఆయన ఆమె చేతుల వంక చూశారు. "ఆ చెయ్యి గురించిన మాట మాత్రం వాళ్ళు రాసింది కాదు. నేను కలిపాను. వద్దంటారేమో అనుకున్నాను, ఉంచేశారు."

చుట్టూ ఉన్నవాళ్ళు మెల్లిగా చెదిరిపోయారు.

"భయపడ్డావా?" అన్నారాయన.

"పడనా మరి?"

"వాయుపతికా?"

"కాదు మావయ్యా. ఆ కిటికీ దగ్గర కూర్చునే ఆయనకి. మళ్ళీ వచ్చేశాడనుకున్నాను."

ఆయన ఆమె వంక చూశారు. చెంపల మీద అంటిన మైనం చూశారు. ఈసారి వాయుపతి గొంతు కాదు, స్టేషన్ గొంతూ కాదు, ఉత్త ముసలి గొంతుతో అన్నారు.

"నాకూ ఆయనంటే భయమేనమ్మా."

ఇద్దరూ లోపలికి నడిచారు. కొడుకు డ్యూటీ దిగి వచ్చేసరికి మామగారు మొదటినుంచీ మొదలుపెట్టారు, అద్దం అవతల పిల్ల ఏమంది, డైరెక్టరమ్మ మొహం ఎలా మారింది, తలుపు చప్పుడు దేనితో చేశారు. కంచాలు ఎదురుగా పెట్టుకుని కూడా చెప్తూనే ఉన్నారు. కొడుక్కి ఆవులింతలు వస్తున్నాయి. మైనమ్మ అన్నం కలుపుతూ, "ఊఁ, తర్వాత?" అంది.